తడితే వదలాలి

2022. మండవల్లి, ముదినేపల్లి, కైకలూరు వాళ్ళంతా కృష్ణా జిల్లాలో పడుకుని ఏలూరు జిల్లాలో నిద్ర లేచిన సంవత్సరం. అప్పటికి నేను ఏలూరు పవర్‌పేటలో ఒక పాత బియ్యం గోదాము అద్దెకు తీసుకుని, నేల మీద మ్యాట్లు పరిచి, ఆడవాళ్ళకూ పిల్లలకూ నేర్పుతున్నాను. వారంలో రెండు రోజులు తాడేపల్లిగూడెంలో, మిగిలిన రోజులు ఇక్కడ. నా పేరు విజయ. మా ఇంట్లో తప్ప ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు లేరు. శిష్యులంతా మాస్టారు అంటారు. ఆడమనిషిని మాస్టారు అనడమేమిటని మొదట్లో కొందరు నవ్వారు. నేను నవ్వకపోవడం చూసి మానేశారు.

నేను మూడు విద్యలు నేర్పుతాను. కరాటే నాకు అన్నం పెట్టిన విద్య. జూడో ఆ తర్వాత విశాఖపట్నంలో ఉండి నేర్చుకున్నాను. కర్రసాము తాడేపల్లిగూడెంలో మా గురువుగారి దగ్గర పట్టాను. ఆయన ఆడపిల్లకి కర్ర ఇవ్వనని మొండికేస్తే, ఆయన వాకిలి ఊడ్చి మరీ ఒప్పించాను. మూడూ కలగాపులగం చేసి నేర్పుతానని వెనకాల అనేవాళ్ళున్నారు. వాళ్ళని ఓసారి మ్యాట్ మీదకి రమ్మంటూ ఉంటాను. ఇంతవరకూ ఎవరూ రాలేదు.

ఈ పని గురించి తెలియనివాళ్ళు మేము కొట్టడం నేర్పుతామనుకుంటారు. కొట్టడం ఎవరికైనా వస్తుంది. ఆపడం నేర్పడంలోనే ప్రాణం పోతుంది. కరాటేలో గురువు 'యామె', అంటే ఆగు, అని అరిస్తే గాలిలో ఉన్న చెయ్యి గాలిలోనే ఆగాలి. మా గురువుగారి కర్రసాములో ఎదుటివాడు కర్ర కొస నేలకి ఆనిస్తే ఆట అయిపోయినట్టు. జూడోలో మనిషిని మనిషి పట్టుకుని బిగిస్తారు కాబట్టి నోట మాట రాకపోవచ్చు. అందుకని 'ట్యాప్' ఉంది. ఎదుటివాళ్ళ ఒంటిమీదో, మ్యాట్ మీదో చేత్తో టపటపా తట్టడం. తట్టిన మరుక్షణం వదిలెయ్యాలి. ఎందుకు, ఏమిటి అని అడగడానికి లేదు. నా క్లాసులో అన్నిటికంటే ముందు నేర్పేది అదే.

ఆ ఏడాది వానలు తగ్గాక ఒక ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ వచ్చి, తమ వంటవాళ్ళకీ ఆయాలకీ సెల్ఫ్ డిఫెన్స్ నేర్పమని అడిగారు. మధ్యాహ్నం భోజనాలు అయిపోయి సాయంత్రం టిఫిన్ల పని మొదలయ్యేలోపు వాళ్ళకి కాస్త తీరిక దొరుకుతుంది. ఆ వేళకి చున్నీలు నడుముకి బిగించుకుని, చేతులకి ఉల్లిపాయల వాసనతో వచ్చేవారు. ఇంత సరదాగా నేర్చుకునే బ్యాచ్ నాకు మళ్ళీ దొరకలేదు. పడ్డప్పుడల్లా నవ్వేవారు. లేవడానికి పది నిమిషాలు తీసుకునేవారు.

వాళ్ళలో సత్యవతి ఒకతె. ముప్పై అయిదు దాటి ఉంటాయి. హాస్టల్లో వంటమనిషి. పొడుగ్గా, బక్కపల్చగా ఉండేది, కానీ భుజాలు మాత్రం మగవాళ్ళ భుజాలు. ఏం పని చేసేదానివని అడిగాను.

"మాది మండవల్లి దగ్గరండీ. చేపల చెరువుల మీద చేసేవాళ్ళమండీ. మా నాన్న పోయాక తమ్ముడూ నేనూ వల లాగేవాళ్ళమండీ."

"మరి వదిలేసి వంటలోకి వచ్చావేం?"

"నీళ్ళ మీదకి మనసు పోక వచ్చేశానండీ" అంది. ఎవరి కారణాలు వాళ్ళకుంటాయని నేను ఇంకేం అడగలేదు.

ఆవిడతో నాకు ఒకటే చిక్కు. మర్యాద. ఎదుటి మనిషిని పడెయ్యబోయే ముందు "ఏమనుకోకండేం" అనేది. పడేశాక "దెబ్బ తగిలిందాండీ?" అని వొంగి చూసేది. ఈలోపు కింద పడ్డ మనిషి లేచి ఈవిడని పడేసేది.

"దొంగ వచ్చి నీ మెడలో గొలుసు లాగినా అండీ అంటావా?" అని ఒకరోజు కసిరాను.

కాసేపు ఆలోచించి, "పెద్దవాడైతే అనాలి కదండీ" అంది.

ఇంకో వింత కూడా ఉంది. జంటలుగా నిలబెట్టే ముందు నేను రోజూ "ట్యాప్ మర్చిపోకండి!" అని కేకేసేదాన్ని. అంతే, ఈవిడ గోదాము వెనక్కి పరుగెత్తి, క్షణంలో తిరిగొచ్చి బుద్ధిగా నిలబడేది. భయానికి బాత్రూమ్‌కి వెళ్తోందేమో అనుకుని నేను పట్టించుకోలేదు.

ఆ రోజు చోక్ నేర్పాలి. వెనక నుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి, రెండో చేత్తో తాళం వేసినట్టు బిగించే పట్టు. ఎవడైనా వెనక నుంచి మెడ పట్టుకుంటే విడిపించుకోవడానికి ముందు ఆ పట్టు ఎలా పడుతుందో తెలియాలి. సరిగ్గా పడితే గొంతు నొక్కుకోవడం కాదు, తలకి వెళ్ళే రక్తమే ఆగిపోతుంది. చాలా కొద్దిసేపట్లో మనిషి స్పృహ తప్పుతుంది. అందుకే కొత్తవాళ్ళని ఒకరి మీద ఒకరిని వదలను. మొదట నా మెడ ఇస్తాను. నా మెడ మీద పట్టు వెయ్యమంటే అందరూ వెనక్కి తగ్గారు. భుజాలు గట్టివి కదా అని సత్యవతిని పిలిచాను.

"ట్యాప్ గుర్తుంది కదా?"

"గుర్తుందండీ. ఇప్పుడే చూసుకున్నానండీ" అంది. చూసుకోవడమేమిటో నేను ఆలోచించలేదు.

నేను మ్యాట్ మీద కూర్చున్నాను. ఆవిడ వెనక మోకాళ్ళ మీద నిలబడి, "ఏమనుకోకండేం" అని, చెయ్యి వేసింది. మోచెయ్యి నా గడ్డం కింద ఎక్కడుండాలో అక్కడ కుదిరింది. ఇన్నేళ్ళలో మొదటిసారికే అంత చక్కగా పట్టు వేసినవాళ్ళు లేరు. భలే, అనుకున్నాను. ఆవిడ బిగించింది. చాలనిపించి ఆవిడ చేతి మీద తట్టాను.

ఇంకా బిగించింది.

మళ్ళీ తట్టాను, గట్టిగా. ఆవిడ "ఊఁ" అని ఊపిరి బిగపట్టి, వల లాగినట్టు వెనక్కి వొరిగి మరీ బిగించింది. నేను తట్టేకొద్దీ ఆ చెయ్యి గట్టిపడుతోంది. అప్పుడు నాకు భయమేసింది. భయం అనేది కూడా చిన్నమాట. ఇరవై ఏళ్ళుగా నేను ప్రాణం పెట్టి నమ్మిన సంజ్ఞ అది. తడితే వదులుతారు. అలాంటిది తడుతుంటే మనిషి వదలడం లేదు. విడిపించుకునే పట్లన్నీ నాకు తెలుసు, ఒక్కటీ గుర్తు రాలేదు. చెవుల్లో హోరుమని చప్పుడు మొదలైంది. ఎదురుగా ఉన్న గోడ చీకటైపోయింది.

కళ్ళు తెరిచేసరికి గోదాము పైకప్పు రేకులు కనిపించాయి. అనిత నా కాళ్ళు పైకెత్తి పట్టుకుని ఉంది. అనిత నా సీనియర్ శిష్యురాలు, క్లాసులో నాకు కుడిభుజం. ఆ పిల్ల వచ్చి సత్యవతిని జుట్టు పట్టుకుని లాగితే గానీ నన్ను వదల్లేదట. హాస్టల్ ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. అనిత సత్యవతి మీద అరుస్తోంది.

"మాస్టారు అంతలా ట్యాప్ చేస్తుంటే వదలవేంటి? చంపేద్దామనా?"

"ట్యాప్ కట్టేసే ఉందండీ!" అని సత్యవతి ఏడుస్తూ చెప్పింది. "నేనే వెళ్ళి కట్టేసి వచ్చానండీ. కావాలంటే చూసుకోండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మొదటి రోజు నేను ట్యాప్ గురించి చెప్పినప్పుడు ఆవిడ హాస్టల్లో డ్యూటీలో ఉంది. రెండో రోజు వచ్చేసరికి నేను "ట్యాప్ మర్చిపోకండి" అంటున్నాను. గోదాము వెనక ఒక కుళాయి ఉంది. నీళ్ళు వృథా పోకుండా కట్టెయ్యమని నేను రోజూ మొత్తుకుంటున్నాననుకుంది పాపం. ఎవరినైనా అడిగితే ఏమనుకుంటారోనని అడగలేదు.

"మరి నేను చెయ్యి మీద తడుతున్నాను కదా! అదేమనుకున్నావ్?" అన్నాను. గొంతు పెగలడం లేదు.

"బాగా చేస్తున్నావ్, ఇంకా కానియ్యి అంటున్నారనుకున్నానండీ. చిన్నప్పట్నుంచీ ఎవరైనా తట్టారంటే అందుకే కదండీ."

అందరూ ఘొల్లుమన్నారు. ఏడుస్తున్నవాళ్ళే పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వితే గొంతు మండిపోతోంది, అయినా ఆగలేదు. భుజం తట్టడం, వెన్ను తట్టడం అంటే మనలో మెచ్చుకోవడం కాక మరేమిటి? ఇన్నేళ్ళుగా ఈ ముక్క నాకు తట్టనే లేదు.

నవ్వు తగ్గాక ఆవిడని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. "ఒకరిని పట్టుకుని ఉన్నప్పుడు వాళ్ళు నీ ఒంటిమీద తట్టారంటే, ఊపిరాడటం లేదు, వదిలెయ్యమని అర్థం. తడితే వదలాలి. తెలిసిందా?"

సత్యవతి నవ్వు ముఖంలోనే ఉండిపోయింది. "ఎవరు తట్టినా అంతేనాండీ?" అని అడిగింది.

"ఎవరు తట్టినా అంతే."

ఆవిడ నా వైపు చూస్తూనే ఉంది. చూస్తుండగానే ముఖంలో రంగు పోయింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది.

"మా తమ్ముడు తట్టాడండీ" అంది.

నాకు వెంటనే ఎక్కలేదు. గోదాములో ఇంకా ఎవరో నవ్వుతున్నారు. అనితకి సైగ చేసి అందరినీ పంపించేశాను.

సత్యవతి చెప్పింది. పెద్ద పెద్ద చేపల చెరువుల్లో నీళ్ళ మీద తాళ్ళు కట్టి, వాటికి మేత సంచులు వేలాడదీస్తారు. ఒకరోజు పొద్దున్నే ఆవిడ తమ్ముడు చంటి పడవ మీద వెళ్ళి సంచులు నింపుతుండగా ఈదురుగాలి లేచింది. పడవ తిరగబడింది. చంటికి ఈత బాగా వచ్చు, కానీ కాలు తాళ్ళలో పడింది. గట్టు మీదున్న సత్యవతి దూకి, ఈదుకుంటూ వెళ్ళి, తాడు విడదీసి, వెనక నుంచి పట్టుకుని గట్టుకి లాక్కొచ్చింది. చాలా దూరం. దారిలో వాడు ఆవిడ చేతి మీద తట్టాడు. బతికే ఉన్నాడు, నన్ను కానియ్యమంటున్నాడు అనుకుని ఆవిడ మరింత గట్టిగా పట్టుకుని ఈదింది. గట్టుకి చేరేసరికి వాడిలో ప్రాణం లేదు. నీళ్ళు మింగి పోయాడని ఆస్పత్రిలో అన్నారు. ఆవిడా అదే నమ్మింది, ఇప్పటిదాకా.

"వదలమన్నాడాండీ?" అని అడిగింది. "ఊపిరాడక తట్టాడాండీ? నేను బిగించేశానాండీ?"

ఈ పనిలో దెబ్బలు చూశాను, విరిగిన చేతులు చూశాను. నా మెడ కాసేపటి క్రితమే ఆ చేతిలో ఉంది. ఆ చేతికి ఎంత బలముందో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. కాదమ్మా అని చెప్పబోయి ఆగాను. కాదని నాకేం తెలుసు?

"ఆదివారం ఊరు వెళ్తానండీ" అంది సత్యవతి. "మా అమ్మకి చెప్పేస్తానండీ. వాణ్ణి నేనే చంపేశానని."

"పిచ్చిదానివా? అది నీళ్ళు, ఇది మ్యాట్. రెండూ ఒకటేనా?"

"ఎవరు తట్టినా అంతేనన్నారు కదండీ మీరే."

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, నా మాట మీద. ఎంత నమ్మకంగా అన్నాను! ఆ కోపంలోనే, "ఎలా పట్టుకున్నావో చూపించు. నా మీదే చూపించు" అన్నాను. ఆవిడ వద్దని దండం పెట్టింది. నేను వినలేదు. చివరికి వెనక కూర్చుని చెయ్యి వేసింది. ఆ చెయ్యి సరాసరి నా గొంతు మీదకే వచ్చింది.

"ఇలాగేనా?"

"ఇలాగేనండీ... ఏమోనండీ. ఇందాక మీకు వేసిందే చేతిలో ఉండిపోయిందండీ. నేల మీద నాకు తెలియడం లేదండీ. నీళ్ళలో అయితే చేతులకి గుర్తుంటుందండీ."

ఆ మాట పట్టుకుని నేను అనకూడని మాట అనేశాను. "అయితే నీళ్ళలోనే చూద్దాం."

ఒక సంగతి చెప్పాలి. నేను తాడేపల్లిగూడెంలో పుట్టి పెరిగినదాన్ని. నీళ్ళంటే నాకు బకెట్లో ఉండేవే. మోకాలు దాటి నీళ్ళలో దిగింది లేదు. ఆ సంగతి శిష్యులకి తెలియకుండా ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాను. కానీ ఆ తల్లి దగ్గరికి వెళ్ళి సత్యవతి ఆ మాట చెప్పేస్తే ఇద్దరి బతుకులూ ఏమైపోతాయి? నిజమైతే చెప్పుకోవలసిందే. నిజమో కాదో తెలియకుండా, నేను అన్న ఒక్క మాట పట్టుకుని చెప్పడానికి మాత్రం వీల్లేదు.

ఆదివారం ముగ్గురం బస్సెక్కాం. అనిత ఒక ట్రాక్టరు ట్యూబు గాలి నింపి తెచ్చింది. బస్సులో అందరూ దాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూశారు. కండక్టరు "ఎక్కడికండీ, ఈతకా?" అని అడిగితే నేను కిటికీ వైపు తిరిగాను. రోడ్డుకి రెండు వైపులా చెరువులే. గట్లు, వాటి మీద మోటార్లు, కొంగలు. సత్యవతి దారి పొడుగునా తల ఎత్తలేదు.

చెరువు కాపలా ఆయన ఆవిడని గుర్తుపట్టి, "ఏవమ్మా సత్యా, ఇన్నాళ్ళకా!" అని పలకరించి పడవ ఇచ్చాడు. మేమేం చెయ్యబోతున్నామో చెబితే ఇచ్చేవాడు కాదేమో. సత్యవతి కర్రతో తోస్తూ పడవని మేత తాళ్ళ దాకా తీసుకెళ్ళింది. నీళ్ళు పచ్చగా, చేపల వాసనతో ఉన్నాయి. అడుగు కనిపించడం లేదు.

నేను షరతు పెట్టాను. "నువ్వు చంటిని ఎలా పట్టుకున్నావో అలాగే పట్టుకుని ఈదు. ఆలోచించకు. ఊపిరి అందకపోతే నేను తడతాను. తడితే వదిలెయ్."

"వదిలేస్తానండీ. ఈసారి తప్పకుండా వదిలేస్తానండీ" అంది. ఆ 'ఈసారి' విని అనిత తల తిప్పేసుకుంది.

అనిత ట్యూబుకి తాడు కట్టి పడవలో నిలబడింది. నేను ట్యూబు పట్టుకుని నీళ్ళలోకి జారాను. కాళ్ళ కింద ఏమీ తగల్లేదు. ఎంత దింపినా తగల్లేదు. దేవుడా అనుకుని ట్యూబు వదిలాను. వెంటనే మునిగిపోయాను. ముక్కులోకి నీళ్ళు పోయాయి. ఎటు పైనో ఎటు కిందో తెలియలేదు. అప్పుడు వెనక నుంచి చెయ్యి వచ్చింది.

ఆ చెయ్యి నా గొంతు దగ్గరికి రానే లేదు. భుజం మీంచి వచ్చి, రొమ్ముకి అడ్డంగా పడి, అటువైపు చంక కింద గట్టిగా పట్టుకుంది. నా తల ఆవిడ భుజం మీద పడింది. ముఖం నీళ్ళ పైకి తేలింది. ఆకాశం కనిపించింది. ఊపిరి ఆడింది. ఆవిడ కాళ్ళు నా కింద బలంగా తంతున్నాయి. ఊపిరి ఆడుతోంది, హాయిగా ఆడుతోంది. ఇదే చెప్పాలి ఈవిడకి, గట్టెక్కగానే చెప్పాలి, అనుకుంటూ ఉన్నాను.

ఆ క్షణంలో పట్టు పోయింది.

మళ్ళీ మునిగాను. ఈసారి నోటినిండా నీళ్ళు. ఆవిడ జుట్టు పట్టుకుని పైకి లాగి, మళ్ళీ అదే పట్టు పట్టింది. నేను దగ్గుతూ, ఉమ్ముతూ, గొంతు చించుకుని అరిచాను.

"వదిలేశావేంటే!"

"మీరు తట్టారు కదండీ!"

"నేనెక్కడ తట్టాను?"

"తట్టారండీ! నా చేతి మీద తట్టారండీ, చూశాను కదా! తడితే వదిలెయ్యమన్నారు కదండీ!"

చూసుకుంటే నా కుడిచెయ్యి ఆవిడ ముంజేతి మీదే ఉంది. ఇంకా తడుతూనే ఉంది. నాకు తెలియకుండానే తడుతోంది. ఇరవై ఏళ్ళ సాధన చేసిన చెయ్యి!

"వదలమని కాదే!" అని అరిచాను. "వదలమని కాదు! వదలొద్దని!"

అన్నాక నాకే వినపడింది నేనేమన్నానో. సత్యవతి కాళ్ళు ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలాయి. ఆవిడ ముఖం నాకు కనిపించడం లేదు, నా తల వెనక ఉంది. ఊపిరి మాత్రం నా చెవి దగ్గర వినిపిస్తోంది.

"ఏమన్నారండీ?" అంది.

"వదలొద్దు అన్నాను, సత్యా. పట్టుకున్నావు కదా, ఇంక ఫర్వాలేదు అని తట్టాను. ఊపిరాడక కాదు. నీ చెయ్యి నా గొంతు మీద లేనే లేదు."

అనిత పడవలోంచి "మాస్టారండీ! ఏమైందండీ?" అని కేకలేస్తోంది. తర్వాత నా తల వెనక నుంచి చిన్న గొంతు వినిపించింది.

"ఇలాగేనండీ. ఇలాగే తట్టాడండీ వాడూ."

అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే ఈదింది. నన్ను గట్టు దాకా అలాగే తీసుకొచ్చింది. పడవ ఎక్కమన్నా వినలేదు.

గట్టు మీద తడిబట్టలతో కూర్చుని నేను వణుకుతుంటే అనిత నా వీపు రుద్దుతోంది. తడితే వదలాలన్నది మ్యాట్ మీద మేము పెట్టుకున్న మాట. అది లేకపోతే మా విద్యలో మనుషులు చస్తారు, అందుకని ఇప్పటికీ మొదటి రోజు అదే నేర్పుతాను. తెలుగులోనే చెబుతాను, మరుసటి రోజు వచ్చినవాళ్ళకి మళ్ళీ చెబుతాను. కానీ మ్యాట్ బయట చేతులకి వేరే భాష ఉంటుంది. నేను ఏ భాష నేర్పుతున్నానో తెలుసుకోవాలంటే ఎదుటివాళ్ళు ఏ భాషతో వచ్చారో ముందు అడగాలి. ఒక మనిషిని తన తమ్ముణ్ణి చంపాననుకునేదాకా తీసుకెళ్ళిన తర్వాత గానీ నాకు ఈ చిన్న విషయం తెలిసిరాలేదు.

సత్యవతి వాళ్ళమ్మ ఇల్లు ఆ గట్టు చివరే. మమ్మల్ని ఆ అవతారంలో చూసి ఆవిడ వాకిట్లోనే నిలబడిపోయింది. తర్వాత గబగబా లోపలికి వెళ్ళి నాకో చీర తెచ్చి, "మార్చుకోండమ్మా, జబ్బు చేస్తుంది" అని, కూతురి వైపు తిరిగింది. "చెరువులో దిగావా? నీళ్ళ మొహం చూడనని వెళ్ళినదానివి, ఇప్పుడెందుకు దిగావే?"

సత్యవతి తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది. చెప్పాలని వచ్చిన మాట ఇప్పుడు అక్కర్లేదు. ఏదో ఒకటి చెప్పి దాటేస్తుందనుకున్నాను.

"అమ్మా, తమ్ముడు తట్టాడే" అంది. "ఆ రోజు, తీసుకొస్తుంటే. నా చేతి మీద తట్టాడు."

తల్లి ముఖం చూసి నాకు భయమేసింది. ఎందుకు చెప్పిందిరా బాబూ అనుకున్నాను.

"తట్టాడా?" అంది తల్లి. "అంటే అప్పటికి బతికే ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. బతికున్నవాణ్ణి గట్టుకి తేలేకపోయానంటావని చెప్పలేదే."

"తాళ్ళలోనే పోయాడనుకున్నానే" అంది తల్లి. "ఆ నీళ్ళ కింద, ఒక్కడే, ఎవరూ లేకుండా పోయాడనుకున్నాను. ఇన్నాళ్ళూ కళ్ళు మూస్తే అదే. నీ దగ్గరికి వచ్చాడా? నువ్వు పట్టుకున్నావని తెలిసిందా వాడికి?"

"తెలిసిందమ్మా. తెలిసే తట్టాడు."

తల్లి జరిగి వచ్చి కూతురికి ఆనుకుని కూర్చుంది. ముడతలు పడ్డ చెయ్యి ముందుకి చాపింది.

"ఎలా తట్టాడు? ఓసారి తట్టి చూపించవే."

సత్యవతి ఆ చేతి మీద మెల్లగా తట్టింది. తల్లి కళ్ళు మూసుకుని, "ఇంకోసారి" అంది.